సిక్స్త్ ఫామ్‌లో మొదటి టర్మ్ ఎలా ఉంటుంది?

అందరికీ నమస్కారం. జీసీఎస్ఈ, అంటే పదహారేళ్లకు రాసే స్కూలు పరీక్షల ఫలితాలు వచ్చాయి, స్వీట్లు పంచుకోవడమూ అయింది. వచ్చే వారం మీ పిల్లలు ఇయర్ 12లో, అంటే సిక్స్త్ ఫామ్ అనే రెండేళ్ల చదువులో మొదటి ఏడాదిలో అడుగుపెడుతున్నారు. నేను ఇక్కడే ఇంగ్లండ్‌లో సిక్స్త్ ఫామ్ మ్యాథ్స్ టీచర్‌ని. సెప్టెంబరు నుంచి క్రిస్మస్ దాకా ఏం జరుగుతుందో ఉన్నదున్నట్టు చెబుతాను.

మనలో చాలామంది ఇంటర్‌లో ఎంపీసీనో బైపీసీనో చదివి వచ్చినవాళ్లం. తెల్లారి స్టడీ అవర్‌తో మొదలై రాత్రి స్టడీ అవర్‌తో ముగిసే రోజులు మనవి. ఎప్పుడు ఏం చదవాలో కాలేజీయే చెప్పేది. ఇక్కడ ఆ పద్ధతి లేదు. మొన్నటిదాకా తొమ్మిదో పదో సబ్జెక్టులు చదివిన పిల్లలు ఇకనుంచి మామూలుగా మూడే చదువుతారు. ఫర్దర్ మ్యాథ్స్ లాంటిది తీసుకుంటే నాలుగు. ఒక్కో సబ్జెక్టుకు వారానికి నాలుగైదు గంటల క్లాసులుంటాయి, మిగతా టైమ్‌టేబుల్‌లో ఖాళీలు కనిపిస్తాయి. "ఇదేం చదువమ్మా, సగం రోజు ఖాళీగానే ఉంటున్నాడు" అని తల్లిదండ్రులు నన్ను అడుగుతుంటారు. ఆ ఖాళీ పీరియడ్లు సెలవు కాదండీ. సిక్స్త్ ఫామ్‌లో ఎక్కువమంది చదివే 'ఏ లెవెల్' (A Level) కోర్సులో సగం భారం వాటి మీదే ఉంది. క్లాసులో ఎంతసేపు కూర్చుంటారో, దాదాపు అంతసేపూ సొంతంగా చదవాలని చాలా స్కూళ్లు మొదటి వారంలోనే చెబుతాయి. చెప్పి ఊరుకుంటాయి. వెంటపడరు. మన పిల్లల్లో చాలామంది తడబడేది సరిగ్గా అక్కడే.

పిల్లలూ, మ్యాథ్స్‌లో తేడా ఎలా ఉంటుందో ఒక లెక్కతో చూపిస్తాను. ఎక్స్ స్క్వేర్ ప్లస్ పది ఎక్స్ ప్లస్ తొమ్మిది ఈక్వల్ టు సున్నా. జీసీఎస్ఈలో దీన్ని నిమిషంలో చేసేశారు. ఇప్పుడు ఆ పది తీసేసి అక్కడ 'కే' పెడతారు. ఈ సమీకరణానికి రియల్ రూట్స్ (వాస్తవ సంఖ్యలైన జవాబులు) ఉండాలంటే కే ఎంత ఉండాలని అడుగుతారు. ఫార్ములా అందరికీ వచ్చు. కే స్క్వేర్ 36కు తగ్గకూడదనే దాకా తెచ్చేస్తారు. అక్కడి నుంచి "కే ఆరు, లేదా అంతకన్నా ఎక్కువ" అని రాసి పెన్ను కింద పెట్టేస్తారు. మైనస్ ఆరు, దానికి కిందివి ఏమయ్యాయి? ఒక్క గ్రాఫు గీసుకుంటే కనిపించేది. జీసీఎస్ఈ దాకా స్టెప్పులు గుర్తుంటే సరిపోయింది, ఇప్పుడు ఆగి ఆలోచించాలి. అందుకే జీసీఎస్ఈలో 8 గ్రేడు (అన్నిటికన్నా పైది 9) తెచ్చుకున్న పిల్లలకు కూడా మొదటి టెస్టులో డి గ్రేడు రావడం ఏటా చూస్తాను.

ఆ డి చూసి ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది, వెంటనే ట్యూషన్ వెతుకుతారు. దయచేసి ఓ నెల ఆగండి. ముందు ఆ పేపరు తీసుకుని పిల్లల్ని వాళ్ల టీచర్ దగ్గరకు వెళ్లి అడగనివ్వండి. అడిగితే తెలివితక్కువవాళ్లం అనుకుంటారేమోనని మన పిల్లలు మొహమాటపడతారు. ఎవరూ అలా అనుకోరు. నా దగ్గరకు వచ్చి అడిగిన పిల్ల ఎక్కడ ఆగిపోయిందో నాకు తెలుస్తుంది. రాని పిల్ల సంగతి మార్కులు వచ్చేదాకా తెలియదు.

ఇంకో ముఖ్యమైన మాట. ఇంగ్లండ్‌లో 2015 నుంచి వచ్చిన మార్పులతో ఏ లెవెల్ గ్రేడు రెండేళ్ల చివర్లో రాసే పరీక్షల మీదే ఆధారపడుతోంది. హిస్టరీ, ఇంగ్లిష్ లిటరేచర్ లాంటి వాటిలో కొంత కోర్స్‌వర్క్ ఉంటుంది, అంతే. ఇంటర్ ఫస్టియర్ మార్కులు కలిసినట్టు ఇక్కడ ఇయర్ 12 మార్కులు కలవవు. అలాగని ఈ ఏడాది తేలిగ్గా తీసుకోవద్దు. ఇయర్ 12 చివర్లో స్కూలు పెట్టే పరీక్షలు చూసే చాలా చోట్ల టీచర్లు ప్రిడిక్టెడ్ గ్రేడ్లు, అంటే చివరికి ఎంత రావచ్చో అంచనా గ్రేడ్లు ఇస్తారు. యూనివర్సిటీలు ముందు చూసేవి అవే. మెడిసిన్, డెంటిస్ట్రీ, ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ దరఖాస్తులకు గడువు ఇయర్ 13లో, అంటే రెండో ఏడాదిలో వచ్చే అక్టోబరు 15. మెడిసిన్ అనుకునేవాళ్లు యూక్యాట్ అనే ప్రవేశ పరీక్ష కూడా ఆ ముందు వేసవి నుంచి సెప్టెంబరు లోపు రాయాలి. అంటే మీ చేతిలో ఉన్నది రెండేళ్లు కాదు, ఏడాది పైచిలుకు.

యూనిఫాం చాలా చోట్ల ఉండదు, ఆఫీసు తరహా బట్టలో మామూలు బట్టలో వేసుకుంటారు. సిక్స్త్ ఫామ్ కాలేజీల్లో కొన్నిచోట్ల టీచర్లను పేరు పెట్టి పిలుస్తారు, కంగారుపడకండి. ఏ లెవెల్‌కు బదులు టీ లెవెల్ అనే వృత్తివిద్యా కోర్సులో చేరిన పిల్లలున్న ఇళ్లవాళ్లు చిన్నబుచ్చుకోనక్కర్లేదు. అందులో కనీసం 315 గంటలు నిజమైన పనిచోట శిక్షణ ఉంటుంది, అక్కడి నుంచి యూనివర్సిటీకీ వెళ్లొచ్చు.

చివరగా సబ్జెక్టుల సంగతి. డాక్టర్ కావాలని ఇంట్లో అనుకున్నారు కాబట్టి కెమిస్ట్రీ, బయాలజీ తీసుకున్న పిల్లలు ఈ గదిలో కూడా ఉండొచ్చు. ఇష్టం లేని సబ్జెక్టుతో రెండేళ్లు గడపడం చాలా కష్టం. ఆ కష్టంతో బక్కచిక్కిన పిల్లల్ని చూసి నా మనసు చివుక్కుమంటుంది. మార్చుకోవాలంటే సాధారణంగా మొదటి కొన్ని వారాల్లోనే వీలు, ఆ తర్వాత పాఠాలు అందుకోవడం కష్టం. కాబట్టి సెప్టెంబరు రెండో వారంలో ఒకరోజు పిల్లల్ని కూర్చోబెట్టి, ఏ క్లాసుకు వెళ్లాలనిపిస్తోంది, ఏ క్లాసంటే నీరసం వస్తోంది అని అడగండి. వాళ్లు మార్చుకుంటానంటే కోప్పడకుండా, ఆ వారంలోనే సిక్స్త్ ఫామ్ హెడ్‌కు మెయిల్ పెట్టండి. ఏ సబ్జెక్టు వదిలితే ఏ కోర్సు తలుపు మూసుకుంటుందో వాళ్లనే అడిగి తెలుసుకోండి.

ఇక మీ ప్రశ్నలు అడగండి. ముందు పిల్లలు.