వేసవి మధ్యాహ్నాలు, నాలుగు చింతపిక్కలు: కాలనీ పిల్లల సెలవుల ప్లాన్

[స్క్రీన్ మీద: మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు. హైదరాబాద్‌లో ఒక కాలనీ వీధి. కుక్క కూడా కారు కింద దూరింది.]

నమస్తే అండీ. ఏప్రిల్ చివర్లో మూసిన బళ్లు మళ్లీ తెరిచేది జూన్ రెండో వారంలోనే. "అమ్మా, బోర్ కొడుతోంది" అనే మాట మీ ఇంట్లో ఈపాటికే మొదలయ్యుంటుంది. సమ్మర్ క్యాంపుల కరపత్రాలు కూడా గేటు సందులోంచి పడుతుంటాయి. క్యాంపుల మీద నాకేం కోపం లేదు. కాకపోతే చాలావరకు అవి ఎండ ముదరకముందే అయిపోతాయి. ఇంట్లో గొడవ మొదలయ్యేది ఆ తర్వాతే. పదకొండు నుంచి ఐదు దాకా పిల్లలు బయటికి వెళ్లలేరు, పెద్దలు ఫోను లాక్కోలేరు. అందుకే ఈ వీడియోలో ఎక్కువ భాగం ఆ ఆరు గంటల గురించే.

ముందు పొద్దున్న సంగతి చూద్దాం. ఆరు నుంచి తొమ్మిది లోపు సైకిలు, క్రికెట్, షటిల్, ఏదైనా సరే. జీహెచ్‌ఎంసీ ఏటా వేసవిలో తన మైదానాల్లో ఆటల కోచింగ్ క్యాంపులు పెడుతుంది. ఫీజు తక్కువే. మీ దగ్గరి గ్రౌండులో కనుక్కోండి. జూపార్కుకు వెళ్లాలన్నా పొద్దున్నే వెళ్లాలి. సోమవారం సెలవు, అది మాత్రం గుర్తుంచుకోండి.

ఈత నేర్పాలనుకుంటే కోచ్ ఉన్న కొలనులోనే నేర్పించండి. సెలవులకు ఊరెళ్లినప్పుడు చెరువు, కాలువ, క్వారీ గుంట చూడగానే పిల్లలు ఆగరు. పక్కన ఈత వచ్చిన పెద్దవాళ్లు లేకుండా నీళ్లలోకి పంపొద్దు. ఈ ఒక్క విషయంలో మొహమాటం పనికిరాదు.

[స్క్రీన్ మీద: గచ్చు మీద సుద్దముక్కతో ఒక చేయి గళ్లు గీస్తోంది.]

ఇక మధ్యాహ్నం. సూర్యుడు నడినెత్తిన ఉండేది పన్నెండు ప్రాంతంలో. కానీ గాలి బాగా వేడెక్కేది రెండు, నాలుగు గంటల మధ్య. నేల కాగి, ఆ వేడిని గాలికి వదలడానికి టైమ్ పడుతుంది మరి. కాబట్టి "పన్నెండు దాటింది కదా, ఎండ తగ్గుతుందిలే" అన్న లెక్క తప్పు. ఆ టైములో అపార్ట్‌మెంట్ మెట్ల దగ్గరో, కింది ఫ్లోర్ హాల్లోనో చల్లగా ఉండే చోటు ఒకటి చూసుకుని, అష్టాచెమ్మా గీయండి.

ఆట రానివాళ్ల కోసం చెబుతున్నాను. నిలువుగా ఐదు, అడ్డంగా ఐదు, మొత్తం 25 గళ్లు. నాలుగు వైపులా మధ్య గడిలో, నడిమి గడిలో ఇంటూ గుర్తు పెట్టండి. నలుగురు ఆటగాళ్లు, ఒక్కొక్కరికి నాలుగు కాయలు. కాయలంటే గాజుముక్కలు, చీపురు పుల్లలు, చొక్కా గుండీలు, ఏవైనా పర్వాలేదు, రంగు తెలిస్తే చాలు. ఎవరి వైపు ఇంటూ గడి వాళ్లకు ఇల్లు. అక్కడ మొదలుపెట్టి బయటి 16 గళ్లను గడియారం ముల్లుకు ఎదురు దిశలో చుట్టి, లోపలి 8 గళ్లలోకి దిగి, ఈసారి ముల్లు తిరిగే దిశలో నడిచి, నడిమి గడి చేరితే కాయ పండినట్టు. ఇంటూ గడిలో ఉన్న కాయను ఎవరూ చంపలేరు. మిగతా చోట దొరికితే చంపొచ్చు, చంపినవాళ్లకు ఇంకో పందెం. అవతలివాళ్ల కాయను ఒక్కటైనా చంపకుండా లోపలి గళ్లలోకి అడుగుపెట్టే వీల్లేదు. ఈ ఒక్క నియమం వల్లే ఎంత మెతక పిల్లాడైనా వేటకు దిగాల్సి వస్తుంది!

పందెం వేయడానికి గవ్వలు లేకపోతే నాలుగు చింతపిక్కలు తీసుకుని, ఒకవైపు తెల్లగా వచ్చేదాకా గచ్చు మీద అరగదీయండి. తెలుపు ఎన్ని పైకి పడితే అన్ని గళ్లు. నాలుగూ తెలుపైతే చెమ్మా, నాలుగు గళ్లు. ఒక్క తెలుపూ లేకపోతే అష్టా, ఎనిమిది గళ్లు. ఈ రెంటికీ మళ్లీ వేసే అవకాశం ఉంటుంది. కాయ బరిలోకి దిగాలంటే ఏ పందెం పడాలి, వరసగా మూడు అష్టాలు పడితే ఏం చేయాలి అన్నవి ఇంటికో తీరు. పక్కింటి బామ్మగారిని, పై ఫ్లోర్ తాతగారిని పిలిచి ముందే తేల్చుకోండి. ఆ తేల్చుకోవడానికే అరగంట పడుతుంది, వాళ్లిద్దరూ ఒక ఊరివాళ్లు కాకపోతే గంట.

[స్క్రీన్ మీద: నాలుగు పిక్కలు పడే తీరు, 16 చిన్న బొమ్మలుగా.]

ఇందులో ఒక లెక్క కూడా దాగుంది. ఒక్కో పిక్క రెండు రకాలుగా పడొచ్చు. అంటే నాలుగు పిక్కలు కలిసి 16 రకాలుగా పడతాయి. వాటిలో రెండు పడేవి 6. ఒకటి పడేవి 4, మూడు పడేవి 4. అష్టాకు ఒక్కటే దారి, చెమ్మాకు కూడా ఒక్కటే. అందుకే అవి పడ్డప్పుడు అంత కేకలు! పెద్ద క్లాసు పిల్లల చేత వందసార్లు వేయించి, నోట్‌బుక్కులో గీతలు పెట్టించండి. లెక్కకు దగ్గరగా వస్తుందా? రాకపోతే పిక్కలు సమంగా అరగలేదన్నమాట. గవ్వలతో కూడా వేసి చూడమనండి. గవ్వ రెండు వైపులా ఒకేలా ఉండదు కాబట్టి అంకెలు మారిపోతాయి. ఎందుకు మారాయో వాళ్లనే చెప్పమనండి, మీరు చెప్పకండి.

ఆటకు విసుగొస్తే పని ఉంది. మే నెల అంటే ఆవకాయ నెల. బజార్లో కొట్టించిన ముక్కలను పొడిగుడ్డతో తుడవడం, జీడి తీసేయడం, టెంక లోపలి పొర ఒలవడం పిల్లలు చక్కగా చేస్తారు. కారం, ఆవపిండి మాత్రం పెద్దల చేతికే. మధ్యలో మజ్జిగ, దొరికితే ముంజలు.

వారానికి ఒక మధ్యాహ్నం కాలనీ పిల్లలందరినీ సాలార్‌జంగ్ మ్యూజియానికి తీసుకెళ్లండి. శుక్రవారం సెలవు. పన్నెండుకు పది నిమిషాల ముందే గడియారం దగ్గర చోటు పట్టుకోవాలి. చిన్న బొమ్మ తలుపు తీసుకుని వచ్చి గంట కొడుతుంది. పన్నెండు గంటలప్పుడు వెళితే పన్నెండు దెబ్బలూ వినొచ్చు. ఒకే దుంగలో చెక్కిన జంట బొమ్మ కూడా ఉంది: ముందు నుంచి జర్మన్ నాటకం 'ఫౌస్ట్'లోని దయ్యం మెఫిస్టోఫిలిస్, వెనకున్న అద్దంలో అదే నాటకంలోని అమ్మాయి మార్గరెట్టా. బొమ్మ వెనక్కి వెళ్లి చూడాలని పిల్లలు తెగ ఆరాటపడతారు.

[స్క్రీన్ మీద: రాత్రి, డాబా. నీళ్లు చల్లిన నేల మీద చాపలు.]

సాయంత్రం డాబా మీద నీళ్లు చల్లి వదిలేస్తే ఎనిమిదిన్నరకు కూర్చునేలా ఉంటుంది. పిట్టగోడ పొట్టిగా ఉంటే మాత్రం చిన్నపిల్లలను వదలకండి. మే నెలలో ఆ వేళకు ఉత్తరం వైపు సప్తర్షి మండలం బాగా ఎత్తులో కనిపిస్తుంది. గరిటె ఆకారం. గరిటె గిన్నె చివరనున్న రెండు చుక్కలను కలిపి, ఆ గీతను కిందికి అయిదింతలు పొడిగిస్తే ధ్రువ నక్షత్రం. హైదరాబాద్‌లో అది చాలా కిందనే ఉంటుంది. చేయి చాచి పిడికిలి మీద పిడికిలి పెడితే రెండు పిడికిళ్లు కూడా నిండని ఎత్తు. ఎదురుగా బిల్డింగ్ ఉంటే కనిపించదు, డాబాలో వేరే మూలకు మారండి.

గరిటె కాడలో చివరి నుంచి రెండో చుక్క వశిష్ఠుడు. దాని పక్కనే నలుసంత అరుంధతి. పెళ్లిలో పట్టపగలు పంతులుగారు ఆకాశం చూపిస్తే "కనిపించింది" అని అందరం తలూపినవాళ్లమే. ఇప్పుడు పిల్లల కళ్లతో వెతికించండి. ఊరి దీపాల వెలుగులో దొరక్కపోతే ఎవరింట్లోనైనా బైనాక్యులర్ ఉందేమో అడగండి, రెండు చుక్కలూ విడివిడిగా తెలుస్తాయి.