ఉట్టి కంటే ముందు దూలం

అందరికీ నమస్కారం. ఇంత ఉక్కపోతలో, ఆదివారం పూట, కారు షెడ్డులో సామాను ఎలా వేలాడదీయాలో వినడానికి ఇంతమంది వచ్చారంటే ఈ ఇబ్బంది మన కాలనీలో ప్రతి ఇంట్లోనూ ఉందన్నమాట. నన్ను మాట్లాడమని అసోసియేషన్ వాళ్లు ఎందుకు అడిగారో తెలుసు. విశాఖ ఓడరేవులో 32 ఏళ్లు రిగ్గర్‌గా చేశాను. బరువు కట్టడం, ఎత్తడం, గాల్లో ఆపడం, మెల్లగా దింపడం, ఇదే నా పని. ఇంట్లో నిచ్చెన వేలాడదీయడానికీ ఆ పనికీ బరువులోనే తేడా, లెక్క ఒకటే.

నేను చూసిన మొదటి వేలాడే అర మా అమ్మమ్మ ఉట్టి. భీమిలి దగ్గర పల్లెలో పెంకుటిల్లు. పాలు, పెరుగు, వెన్న, అన్నీ ఉట్టి మీదే. ఒకసారి మా మావయ్య వంటింట్లో కొత్త ఉట్టి కడుతూ చేతికందిన వాసానికి తాడు వేశాడు. అమ్మమ్మ విప్పించింది. "వాసం పెంకుల్ని మోయడానికిరా, దూలానికి కట్టు" అంది. ఏటా వానలు పడకముందే ఆ తాడు మార్పించేది, బాగానే ఉన్నా సరే. ఇంకోటి, ఆ ఉట్టి ఆవిడ చెయ్యి చాస్తే అందే ఎత్తులో ఉండేది, పిల్లికి మాత్రం అందేది కాదు. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట అని మనవాళ్లు ఊరికే అనలేదు. అందని ఎత్తులో కట్టిన ఉట్టి వల్ల ఇంటికి ఉపయోగం లేదు.

ఇప్పుడు నన్ను ఎవరైనా అడిగే మొదటి మాట "బాబాయ్, ఏ రాక్ కొనమంటావు?" అని. నేను తిరిగి అడిగేది "మీ గోడ దేంతో కట్టారు?" అని. చాలామందికి తెలియదు, అది వాళ్ల తప్పు కాదు. గోడ మీద ప్లాస్టరు, పుట్టీ, రంగు పడ్డాక లోపల ఏముందో ఎవరికి కనిపిస్తుంది?

తెలుసుకునే దారి ఒకటి చెబుతాను. ఓ మూల, కనబడని చోట, సన్న బిట్టుతో ఒక బెజ్జం వేయించండి. పైన ప్లాస్టరు సిమెంటు పొడి ముందు వస్తుంది, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. ఆ తర్వాత ఎర్ర పొడి వస్తే కాల్చిన ఇటుక. బూడిదరంగు పొడి వచ్చి, డ్రిల్లు కాస్త కష్టంగా దిగితే ఫ్లై యాష్ ఇటుక. పరవాడ సింహాద్రి థర్మల్ కేంద్రం లాంటి చోట్ల బొగ్గు కాల్చగా మిగిలిన బూడిదతో చేసే ఇటుక అది. తెల్లటి లేదా లేత బూడిదరంగు మెత్తని పొడి బుసబుసా వచ్చి, బిట్టు వెన్నలో దిగినట్టు దిగిపోతే అది ఏఏసీ బ్లాకు. మధురవాడ వైపు కొత్త అపార్టుమెంట్లలో ఇది చాలా చూస్తున్నాను. తేలిక బ్లాకు, వేడి ఆపుతుంది, గోడకు మంచిదే. కానీ దాని నిండా గాలి బుడగలే కాబట్టి మామూలు ఫాస్టనర్, అంటే బెజ్జంలో విచ్చుకుని పట్టే బోల్టు, బిగిస్తే అది వ్యాకోచించి బ్లాకునే నలిపేస్తుంది. ఆ రోజు గట్టిగానే ఉన్నట్టుంటుంది, ఆరు నెలలకు వదులవుతుంది. ఏఏసీ గోడకు ఆ బ్లాకు కోసమే చేసిన పొడుగాటి ప్లగ్గులు వాడాలి, లేదంటే కెమికల్ యాంకర్, అంటే బెజ్జంలో జిగురు నింపి అతికించే బోల్టు, వేయించాలి. బరువు ఎక్కువైతే గోడకు అటునుంచి ఇటు బోల్టు దూర్చి వెనకవైపు వెడల్పాటి ప్లేటు వేసి బిగించాలి. అన్నిటికంటే నయం, బరువైనవి ఆ గోడకు వద్దే వద్దు, పక్కనున్న కాంక్రీటు వైపు చూడండి.

ఇటుక గోడలో బెజ్జం ఇటుక మధ్యలో పడాలి, రెండు ఇటుకల మధ్య సున్నం, సిమెంటు అతుకులో కాదు. ఫాస్టనర్ పొడవు చూసేటప్పుడు ప్లాస్టరు మందం తీసేసి చూడండి. 50 మిల్లీమీటర్ల ఫాస్టనర్ కొని 15 మిల్లీమీటర్ల ప్లాస్టరున్న గోడలో బిగిస్తే, బరువు మోసేది మిగతా 35 మాత్రమే. బెజ్జం వేశాక లోపలి దుమ్ము ఊది తీయించండి. మేస్త్రీలు తొందరలో వదిలేసే పని ఇదొక్కటే, పట్టు పోయేదీ ఎక్కువగా ఇక్కడే.

ఇక స్లాబు సంగతి. దీని మీద కాసేపు ఆగుతాను, మన ఊరికి ఇదే అసలు విషయం.

విదేశాల్లో గ్యారేజీ వీడియోలు చూసి చాలామంది పైకప్పుకు వేలాడే సీలింగ్ రాకులు తెప్పించుకుంటున్నారు. అక్కడ పైకప్పులో చెక్క దూలాలు ఉంటాయి, ఆ రాకుతో వచ్చే స్క్రూలు చెక్కలో దిగేవి. మనది కాంక్రీటు స్లాబు. ఆ స్క్రూలు పక్కన పెట్టి కాంక్రీటుకు తగిన యాంకర్లు విడిగా కొనాలి. రాకు మీద రాసిన బరువు కూడా రాకుదే, మీ స్లాబుది కాదు.

విశాఖలో సముద్రం నుంచి ఉప్పు గాలి ఏడాది పొడవునా ఇంట్లోకి వస్తూనే ఉంటుంది. లాసన్స్ బే, పెదవాల్తేరు, జాలారిపేట వైపు పాత ఇళ్లలో స్లాబు అడుగున లోపలి ఇనుప ఊచల వెంట సన్న పగుళ్లు, గోధుమరంగు మరకలు మీరంతా చూసే ఉంటారు. ఉప్పు, తేమ కాంక్రీటులోంచి మెల్లగా లోపలికి దిగి ఊచను తుప్పు పట్టిస్తాయి. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, అందుకని కింది పొరను నెట్టేస్తుంది, పెచ్చు ఊడుతుంది. ఇలాంటి స్లాబుకు యాంకర్ బిగిస్తే మీరు సామాను వేలాడదీసేది ఊడబోయే పెచ్చుకే.

ఇది మా ఇంట్లోనే జరిగింది కాబట్టి చెబుతున్నాను. 2009లో, షెడ్డు స్లాబులో ఇల్లు కట్టినప్పుడే పెట్టిన ఇనుప కొక్కెం ఉంటే, దానికి చెక్క నిచ్చెన, రెండు చుట్టల వైరు కట్టాను. కొక్కెం చూడ్డానికి బావుంది, రంగు కూడా వేశాను. ఓ అర్ధరాత్రి మొత్తం కిందపడింది. పొద్దున కొక్కెం చేతిలోకి తీసుకుని చూస్తే, స్లాబులోకి దూరే చోట పెన్సిలు మొనలా సన్నబడి ఉంది. కనబడే భాగం బాగుంది, తేమ నిలిచే అతుకు దగ్గర తుప్పు తినేసింది. అక్కడే మా అబ్బాయి రోజూ సైకిలు తీసేవాడు. వందల టన్నులు కట్టిన నేను ఇంట్లో కొక్కెం తట్టి చూడలేదు. ఆ రోజు నుంచి పాత కొక్కేన్ని ఎంత బాగున్నా నమ్మను.

కాబట్టి యాంకర్ వేసే ముందు చిన్న సుత్తితో ఆ చుట్టుపక్కల తట్టండి. గట్టి కాంక్రీటు టంగుమంటుంది. బోలుగా, డొల్లగా మోగితే లోపల పొర విడిపోయిందని అర్థం, అక్కడ బరువు వద్దు, ముందు స్లాబు బాగుచేయించాలి. కరెంటు పైపులు స్లాబులోనే పోతాయి కాబట్టి లైటుకూ స్విచ్చు బోర్డుకూ మధ్య గీతలో బెజ్జం వేయొద్దు. ఊచ తగిలితే దాన్ని కోసుకుంటూ పోకండి, పక్కకు జరిగి, ఆ బెజ్జాన్ని వెంటనే పూడ్పించండి, లేకపోతే ఉప్పు తేమకు మనమే దారి ఇచ్చినట్టు. అపార్టుమెంటు కింద స్తంభాల మధ్య ఉండే స్టిల్ట్ పార్కింగులో అయితే బీములు, స్తంభాలు అందరివీ. అసోసియేషన్‌ను అడగకుండా వాటిలో బెజ్జం వేయడం నాకు ఏ విధంగానూ సబబు అనిపించదు. పైన పోయే డ్రైనేజీ పైపులకు తాళ్లు కట్టడం కూడా మానండి.

రేకుల షెడ్డు ఉన్నవాళ్లకు ఒక మాట. గాజువాక, కూర్మన్నపాలెం, పెందుర్తి వైపు చాలా ఇళ్లకు ముందు రేకుల షెడ్డే కారుకు నీడ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మన ఊరి మీదికే వచ్చి తీరం దాటింది, గంటకు సుమారు 180 కిలోమీటర్ల గాలి. ఆ రోజు రేకులు ఎలా లేచాయో చూసినవాళ్లు ఈ గదిలో చాలామంది ఉన్నారు. ఆ రేకుల కింది సన్న పైపులు మా అమ్మమ్మ చెప్పిన వాసాల్లాంటివి, రేకును పట్టుకోవడానికే ఉన్నాయి. వాటికి సైకిళ్లు, పెట్టెలు కట్టకండి. షెడ్డు వెనక ఇంటి గోడ ఉంటుంది కదా, అన్నీ దానికే. వేలాడదీయాల్సిన అసలు కారణం కూడా ఆ తుపాను రోజుల్లోనే తెలిసింది. నేల మీద పెట్టినవన్నీ తడిసి పాడయ్యాయి, గోడకున్నవి నిలిచాయి. చెదలు, పందికొక్కుల గురించి వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు దేంతో బిగిస్తాం అన్నది. దుకాణంలో తళతళ మెరిసే బోల్టు చూసి మోసపోవద్దు. ఆ మెరుపు జింకు పూత, చాలా పలచన. హాట్ డిప్ గాల్వనైజింగ్, అంటే కరిగిన జింకులో ముంచి పూత వేసినది, మసక బూడిదరంగులో, కాస్త గరుగ్గా ఉంటుంది, పూత ఎన్నో రెట్లు మందం. సముద్రానికి దగ్గర ఇళ్లవాళ్లు స్టెయిన్‌లెస్ స్టీలు తీసుకోండి, అందులోనూ 304 రకం కంటే 316 రకం మేలు. 316లో మాలిబ్డినం కలుస్తుంది, ఉప్పును అదే ఎక్కువగా ఓర్చుకుంటుంది. ధర ఎక్కువే. కానీ ఒక ఇంటికి కావలసినవి పది పదిహేను బోల్టులు, అక్కడ పొదుపు చేయడం నాకు నచ్చదు. ఇంకో విషయం, వాన తగిలే వరండా గ్రిల్లు కంటే నీడలో ఉన్న షెడ్డులోని ఇనుము తొందరగా తుప్పు పట్టడం మీరు గమనించారా? వాన ఉప్పును కడిగేస్తుంది, షెడ్డులో ఉప్పు పేరుకుపోతుంది. నెలకోసారి మంచినీళ్ల తడిగుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో తడి లేకుండా తుడవండి.

బరువు లెక్క ఒకటి చేద్దాం. గోడకు బ్రాకెట్ల మీద అర వేశారు, అర వెడల్పు 40 సెంటీమీటర్లు, బ్రాకెట్ నిలువు కాలు 20 సెంటీమీటర్లు. దాని మీద 30 కిలోలు పెట్టారు. బరువు అర మధ్యలో ఉంటే పై బోల్టులను గోడలోంచి బయటికి లాగే బలం 30 కిలోలు. అదే బరువు అర అంచుకు జరిపితే 60 కిలోలు. సామాను మారలేదు, పెట్టిన చోటు మారింది, అంతే. అందుకే బ్రాకెట్ కొనేటప్పుడు నిలువు కాలు పొడవు చూడండి, బరువైన డబ్బాలు గోడవైపు పెట్టండి.

తాడుతో కట్టేవాళ్లకూ ఇదే. రెండు కొక్కేల మధ్య తాడు బిగుతుగా, దాదాపు అడ్డంగా లాగి మధ్యలో సైకిలు వేలాడదీస్తారు. తాడు అడ్డానికి 30 డిగ్రీలే వాలి ఉంటే రెండు వైపులా ఒక్కో తాడు సైకిలు బరువంతా మోస్తుంది, సగం సగం కాదు. ఇంకా పడుకోబెడితే ఇంకా ఎక్కువ. 60 డిగ్రీలు నిలబెడితే ఒక్కోదాని మీద సగానికి కాస్త పైన పడుతుంది. ముడి వేసిన చోట తాడు బలం సగం దాకా పడిపోగలదు. అందుకే మేము రోపుకు అది తెగే బరువులో 5వ వంతు మాత్రమే ఎత్తించేవాళ్లం. ఇంట్లోనూ అదే పాటించండి.

ఇంతదాకా విన్నాక రాకు ఎంచుకోవడం కష్టం కాదు. నా మొగ్గు గోడకు అడ్డంగా బిగించే రైలు, దాని మీద జరిపే కొక్కేల వైపు. ఒక రైలుకు నాలుగైదు బోల్టులు పడతాయి, బరువు పంచుకుంటాయి, కొక్కెం ఎటు కావాలంటే అటు జరుగుతుంది, మళ్లీ మళ్లీ గోడకు బెజ్జాలు పడవు. పార, గునపం, చీపుర్లు, నీళ్ల పైపు, మడత నిచ్చెన, సైకిలు దీనికి చక్కగా సరిపోతాయి. చిన్న పనిముట్లకు బెజ్జాల బోర్డు బాగుంటుంది, కానీ అట్టలాంటి హార్డ్‌బోర్డుది, చెక్కపొట్టు అదిమి చేసే ఎండీఎఫ్‌ది మన తేమకు ఉబ్బిపోతుంది, రేకుది తీసుకోండి. చెక్క ఇష్టమైతే వడ్రంగి చేత ఒక పట్టీని 45 డిగ్రీల కోతతో రెండుగా చీల్పించి, ఒక ముక్క గోడకు, ఇంకోటి పెట్టె వెనక కొట్టించండి. పెట్టె పైనుంచి దానిలో కూర్చుంటుంది, బరువెక్కేకొద్దీ గోడకు హత్తుకుంటుంది. ప్లైవుడ్ మీద ఐఎస్ 710 ముద్ర చూసుకోండి, అది నీటిని ఓర్చుకునే మెరైన్ రకం.

పైకప్పు రాకు ఏడాదికోసారి దించేవాటికే. బొమ్మల కొలువు పెట్టెలు, చలికాలంలో కూలరు లాంటివి. పాత పుస్తకాలు మాత్రం వద్దు, అవి అనుకున్నదానికంటే బరువు. వెల్డింగ్ షాపులో 35 ఎం.ఎం. యాంగిలుతో 4 అడుగులకు 6 అడుగుల ఫ్రేము చేయిస్తే, 5 ఎం.ఎం. మందం యాంగిలు మీటరుకు 2.6 కిలోలు తూగుతుంది, కాళ్లతో కలిపి ఫ్రేమే 20 కిలోలు దాటుతుంది. సామాను పెట్టకముందే ఆ బరువు స్లాబు మీద ఉన్నట్టే. రాకు కారు డిక్కీ తలుపు పూర్తిగా తెరిస్తే తగలకూడదు, కొనకముందే తలుపు తెరిచి పైకి టేపు పెట్టి కొలవండి. పెద్దవాళ్లున్న ఇంట్లో నిచ్చెన ఎక్కి దించాల్సినది ఏదీ రోజూ వాడేది కాకూడదు.

పెట్రోలు, థిన్నరు, పెయింటు డబ్బాలు తలపైన వద్దు. ఇన్వర్టరు బ్యాటరీ నేల మీదే. గ్యాస్ సిలిండరు మూసిన షెడ్డులో అసలే వద్దు.

ప్రశ్నలు టీ తర్వాత అడగండి. నా సంచిలో చిన్న సుత్తి తెచ్చాను. టీ తాగి అందరం కింద పార్కింగులోకి వెళ్దాం. ఈ భవనం స్లాబును నాలుగు చోట్ల తట్టి, గట్టి మోత ఏదో డొల్ల మోత ఏదో మీ చెవులకే వినిపిస్తాను. తర్వాత సుత్తి మీ చేతికిస్తాను.