అప్‌డేట్ తర్వాత సిస్టమ్ మొరాయిస్తే ఫార్మాట్ కొట్టించకండి

అందరికీ నమస్కారం.

ఇంత ఎండలో దేవరకొండ, హాలియా, మిర్యాలగూడ నుంచి బస్సులు పట్టుకొని నల్గొండ దాకా వచ్చారు. అటు కల్వకుర్తి వైపు నుంచి వచ్చినవాళ్లు కూడా ఉన్నారట. చాలామంది లాప్‌టాప్‌లు వెంట తెచ్చుకున్నారు. రెండో వరుసలో ఒక బిడ్డ ముందున్న లాప్‌టాప్ నేను వచ్చినప్పటి నుంచి నల్ల తెరతోనే ఉంది. దాని దగ్గరికి వస్తాను, కొంచెం ఆగు బిడ్డా.

మన దగ్గర కంప్యూటర్‌కు ఏ జబ్బు చేసినా ఒకటే మందు. స్లో అయిందా, ఫార్మాట్ కొట్టించు. వైఫై రావట్లేదా, ఫార్మాట్ కొట్టించు. విండోస్ బదులు వేసుకునే లైనక్స్‌ను అప్‌డేట్ చేశాక తెర నల్లబడిందంటే ఇక రెండో ఆలోచనే ఉండదు. షాపుల వాళ్లను నేను తప్పుపట్టను. ఒక్కో మిషన్ ముందు గంటసేపు కూర్చొని కారణం వెతికే తీరిక వాళ్లకు ఉండదు. కానీ మీకు ఆ గంట ఉంది. ఆ మిషన్‌లో ఉన్నది మీ కష్టం.

నాలుగేళ్ల కింద ఒక అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతోంది. ప్రాజెక్టు కోసం మర్రిగూడ మండలంలో ఊరూరూ తిరిగి, బోర్ల దగ్గర సీసాల్లో నీళ్లు పట్టి, ఫ్లోరైడ్ ఎంతుందో కొలిచి రాసుకుంది. ఆ లెక్కలన్నీ లాప్‌టాప్‌లో ఒక్క షీటులో ఉన్నాయి. అందులో ఉబుంటు అనే లైనక్స్ ఉంది, వేసుకోమని చెప్పింది నేనే. ఒకరాత్రి అప్‌డేట్ నడుస్తుండగా గాలివాన వచ్చి కరెంటు పోయింది. బ్యాటరీ ఎప్పుడో పాడైపోయిన లాప్‌టాప్ అది, చార్జర్ తీస్తే ఆగిపోతుంది. తెల్లారి ఆన్ చేస్తే నల్ల తెర మీద తెల్లటి అక్షరాలు నాలుగు వరుసలు వచ్చి ఆగిపోయాయి. భయపడి తెలిసినవాళ్లకు ఇచ్చింది. వాళ్లు అరగంటలో సిస్టమ్ కొత్తగా వేసి చేతిలో పెట్టారు. ఆ తర్వాత నా దగ్గరికి వచ్చింది, "సార్, నా ఫోల్డర్ కనబడతలేదు" అని.

ఆ రాత్రి నేను నిద్రపోలేదు. రికవరీ సాఫ్ట్‌వేర్ పెట్టి వెతికితే ఫొటోలు కొన్ని దొరికాయి, లెక్కల షీటు దొరకలేదు. ఆ అమ్మాయి మళ్లీ సీసాలు పట్టుకొని అవే ఊళ్లు తిరిగింది. ఆ నాలుగు వరుసల్లో ఏం రాసి ఉందో ఎవరూ చదవలేదు, ఫొటో కూడా తీయలేదు. ఆ తర్వాత అచ్చం అలాంటి మిషన్లు చాలా చూశాను. ఎక్కువ వాటికి పావుగంట పని. అందుకే ఎక్కడ పిలిచినా వెళ్లి ఈ మాటే చెబుతున్నాను.

కరెంటు పోతే అసలు ఏం జరుగుతుందో చూద్దాం. లైనక్స్‌లో రకాలైన ఉబుంటు, డెబియన్, మింట్ మూడింట్లోనూ ప్యాకేజీలు, అంటే సాఫ్ట్‌వేర్ మూటలు, పెట్టే పని డీపీకేజీ అనే ప్రోగ్రామ్‌ది. అది ప్రతి ప్యాకేజీకి రెండు పనులు చేస్తుంది. మొదట మూట విప్పి ఫైళ్లను వాటి చోట్లలో పెడుతుంది. తర్వాత వాటిని సర్ది నడిచేలా చేస్తుంది, దాన్ని కాన్ఫిగర్ చేయడం అంటారు. నారు పీకి కట్టలు పొలంలో వేశారు, నాట్లు ఇంకా పడలేదు, ఇంతలో కూలీలు వెళ్లిపోయారు అనుకోండి. మధ్యలో కరెంటు పోయిన సిస్టమ్ అలా ఉంటుంది. నారు చావలేదు. మిగిలిన నాట్లు వేస్తే సరిపోతుంది.

ఆ నాట్లు వేసే కమాండ్ బోర్డు మీద ఇంగ్లీషు అక్షరాల్లో రాశాను, చదువుతాను. సుడో, డీపీకేజీ, రెండు గీతలు పెట్టి కాన్ఫిగర్, ఖాళీ వదిలి ఒక గీత పెట్టి ఏ. దాని కింద ఇంకోటి: సుడో, ఆప్ట్, రెండు గీతలు పెట్టి ఫిక్స్ బ్రోకెన్, ఖాళీ వదిలి ఇన్‌స్టాల్. మొదటిది ఆగిపోయిన పనిని పూర్తి చేస్తుంది. రెండోది తక్కువపడిన ప్యాకేజీలను తెచ్చి జత చేస్తుంది. ఈ రెండూ నోట్ చేసుకోండి.

"డెస్క్‌టాపే రాకపోతే కమాండ్ ఎక్కడ కొట్టాలి సార్" అని అడుగుతారు. మిషన్ ఆన్ అవుతున్నప్పుడు, కంపెనీ బొమ్మ పోగానే, ఎస్కేప్ కీ ఒకసారి నొక్కండి. పాత బయాస్ మిషన్లయితే షిఫ్ట్ నొక్కి పట్టుకోవాలి. దేనితో మొదలవ్వాలో అడిగే గ్రబ్ మెనూ వస్తుంది. టెన్షన్‌లో ఎస్కేప్ ఎక్కువసార్లు నొక్కితే మెనూ పోయి గ్రబ్ అనే మాట ఒక్కటే మిగులుతుంది. కంగారుపడకండి. నార్మల్ అని టైప్ చేసి ఎంటర్ కొట్టి, వెంటనే ఎస్కేప్ ఒక్కసారి నొక్కండి, మెనూ మళ్లీ వస్తుంది. అందులో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ లోపలికి వెళ్తే సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ నంబర్లు వరుసగా కనబడతాయి, ఒక్కోదాని కింద రికవరీ మోడ్ ఉంటుంది. రికవరీ మోడ్‌లో రూట్ షెల్, అంటే పూర్తి అధికారంతో కమాండ్లు కొట్టే చోటు, తీసుకుంటే ఆ కమాండ్లు అక్కడ కొట్టవచ్చు. పాడైన ప్యాకేజీలను బాగుచేసే వరుస కూడా ఆ మెనూలోనే ఉంటుంది.

ఈ అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ దగ్గర కొంచెం ఆగుతాను, ఎందుకంటే సగం సమస్యలు ఇక్కడే తేలిపోతాయి. లైనక్స్ కొత్త కెర్నల్ వేసినప్పుడు పాతదాన్ని వెంటనే తీసేయదు. నిన్నటి దాకా నడిచిన కెర్నల్ అలాగే ఉంటుంది. కొత్తది మొరాయిస్తే ఆ పాత నంబర్ ఎంచుకొని ఎంటర్ కొట్టండి. డెస్క్‌టాప్ మామూలుగా వచ్చిందంటే మీ డేటా భద్రంగా ఉంది, డిస్క్ బాగుంది, తప్పు కొత్త కెర్నల్‌కు సంబంధించిందే అని ఒక్క నిమిషంలో తెలిసిపోతుంది. పరీక్ష ఫీజు కట్టాలన్నా, అప్లికేషన్ పంపాలన్నా ఆ రోజు పని పాత కెర్నల్ మీద కానిచ్చుకొని, ఆదివారం తీరిగ్గా కారణం వెతకండి.

కొత్త కెర్నల్‌తో ఎక్కువగా పోయేవి రెండు: తెర, వైఫై. కారణం ఒక్కటే. తెర, వైఫై లాంటివాటిని నడిపే డ్రైవర్లు చాలావరకు కెర్నల్‌లోనే కలిసి వస్తాయి. ఎన్విడియా గ్రాఫిక్స్ డ్రైవర్, కొన్ని బ్రాడ్‌కామ్, రియల్‌టెక్ వైఫై చిప్‌ల డ్రైవర్లు మాత్రం బయట నుంచి వచ్చి చేరతాయి. కెర్నల్ మారిన ప్రతిసారీ వాటిని మళ్లీ తయారుచేయాలి. ఆ పనిని డీకేఎంఎస్ అనే ఏర్పాటు చూసుకుంటుంది. దానికి ఆ కెర్నల్ తాలూకు హెడర్స్ ప్యాకేజీ, అంటే డ్రైవర్ తయారీకి పనికొచ్చే ఫైళ్ల మూట, కావాలి. అది లేకపోతే డ్రైవర్ తయారు కాదు. డీకేఎంఎస్ స్టేటస్ అని కొడితే ఏ డ్రైవర్ ఏ కెర్నల్‌కు తయారైందో చూపిస్తుంది. కొత్త కెర్నల్ నంబర్ ఆ వరుసల్లో కనబడలేదంటే మీ సమస్య దొరికినట్టే.

"వైఫైయే పోయింది, హెడర్స్ ఎట్ల దించుకోవాలి సార్" అంటారు. మీ ఫోన్‌ను చార్జింగ్ వైరుతో లాప్‌టాప్‌కు కలిపి, ఫోన్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. లాప్‌టాప్ దాన్ని కేబుల్ ఇంటర్నెట్ అనుకుంటుంది, మామూలుగా వేరే డ్రైవర్ ఏదీ అడగదు. దామరచర్లలో ఒక తమ్ముడికి ఇది ఫోన్‌లోనే చెప్పాను. పది నిమిషాల్లో వైఫై వచ్చింది.

అనుమతి లేని ప్రోగ్రామ్‌లను మిషన్ ఆన్ అయ్యేటప్పుడే ఆపే సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉన్న లాప్‌టాప్‌లలో ఇంకో చిక్కు ఉంది. బయటి డ్రైవర్ వేసేటప్పుడు మిమ్మల్ని ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. తర్వాత రీస్టార్ట్ చేస్తే నీలం తెర వచ్చి, ఏదైనా కీ నొక్కమని 10 సెకన్లు ఆగుతుంది. మనం ఆ సమయానికి టీ తాగడానికి లేచిపోతాం. 10 సెకన్లు దాటితే అది తన దారిన వెళ్లిపోతుంది, డ్రైవర్‌కు అనుమతి దొరకదు, పాపం డ్రైవర్ మంచిదే అయినా లోడ్ కాదు. ఆ నీలం తెరను వైరస్ అనుకొని భయపడి ఆపేసినవాళ్లను కూడా చూశాను. అది వైరస్ కాదు. ఎన్‌రోల్ మాక్ ఎంచుకొని, మీరు పెట్టిన పాస్‌వర్డే కొట్టండి.

ఇక బ్రాకెట్లలో ఇనిట్రామ్‌ఎఫ్‌ఎస్ అని రాసి ఆగిపోయే తెర. మన ఊళ్లలో కరెంటు పోయి వచ్చినప్పుడు ఎక్కువగా కనబడేది ఇదే. డిస్క్ మీద లెక్కలు సరిపోవడం లేదు, నువ్వే చూడు అని దాని అర్థం. అక్కడ ఎగ్జిట్ అని కొడితే డిస్క్‌లో ఏ భాగంలో, అంటే ఏ పార్టిషన్‌లో, తేడా ఉందో పేరుతో సహా చెబుతుంది. ఎఫ్‌ఎస్‌సీకే, గీత వై, ఆ పార్టిషన్ పేరు కొట్టండి. సరిచేసుకుంటూ పోతుంది, అయ్యాక రీబూట్ చేయండి. కానీ ఇదే తెర నెలలో రెండుమూడు సార్లు వస్తే తప్పు కరెంటుది కాకపోవచ్చు, డిస్కే అరిగిపోతూ ఉండవచ్చు. ఆ రోజే డేటా వేరే చోటికి తీయండి.

కాలేజీ ల్యాబుల్లో కెర్నల్ ఫైళ్లుండే బూట్ పార్టిషన్ నిండిపోవడం తరచూ చూస్తాను. బూట్‌కు వేరే పార్టిషన్ పెట్టి, దానికి ఐదారు వందల ఎంబీ మాత్రమే ఇచ్చిన మిషన్లు అవి. కెర్నల్, దాని వెంట వచ్చే ఇనిట్రామ్ ఫైల్ కలిపి వంద ఎంబీ దాకా తింటాయి. పాతవి పేరుకుపోతే కొత్తదానికి చోటుండదు, అప్‌డేట్ సగంలో నిలిచిపోతుంది. సుడో ఆప్ట్ ఆటోరిమూవ్ కొడితే అక్కర్లేని పాత కెర్నల్స్ పోతాయి. బూట్ ఫోల్డర్‌లోకి వెళ్లి ఫైళ్లను చేత్తో మాత్రం తీసేయకండి.

లాక్ దొరకలేదు అనే ఎర్రర్ గురించి ఒక్క మాట. వెనకాల ఆటోమేటిక్ అప్‌డేట్ నడుస్తోందని, మధ్యలో ఇంకోటి దూరకుండా తాళం వేసుకుందని దాని అర్థం. ఇంటర్నెట్‌లో ఎవరో చెప్పారని లాక్ ఫైలును డిలీట్ చేస్తారు. రైలు గేటు పడి ఉన్నప్పుడు గేటు కింద నుంచి బండి దూర్చడం లాంటిది అది. పది నిమిషాలు ఆగండి.

పెద్ద వెర్షన్ మారిన తర్వాత తెలుగు టైపింగ్ పోయిందంటే ఐబస్ రీస్టార్ట్ అని కొట్టి చూడండి. అక్షరాల బదులు డబ్బాలు కనబడితే ఫాంట్స్ గీత టెలు అనే ప్యాకేజీ వేసుకోండి.

వీటన్నిటికీ మూలం చదవడం. గతసారి బూట్‌లో వచ్చిన ఎర్రర్లు కావాలంటే జర్నల్‌సీటీఎల్, గీత బీ, గీత ఒకటి, తర్వాత గీత పీ ఈఆర్ఆర్ అని కొట్టండి. ఏ రోజు ఏ ప్యాకేజీ మారిందో వార్ లాగ్ ఫోల్డర్‌లో ఆప్ట్ కింద హిస్టరీ ఫైలులో తేదీ, టైముతో సహా ఉంటుంది. ఇంగ్లీషు రాదని వెనక్కి తగ్గకండి. చివరి వరుసలో ఫెయిల్డ్ అనో, నాట్ ఫౌండ్ అనో ఉన్న చోట దాని ముందున్న పేరు పట్టుకుంటే చాలు. నాకు ఫోన్ చేసేటప్పుడు కూడా "వస్తలేదు సార్" అని ఊరుకోకండి, తెర మొత్తం కనబడేలా ఫొటో పంపండి.

ఇంత తంటా ఉంటే అప్‌డేట్లే ఆపేద్దామా అని పోయినసారి ఒక లెక్చరర్ గారు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. 2022 జనవరిలో పీకెఎగ్జెక్ అనే చిన్న ప్రోగ్రామ్‌లో ఒక లోపం బయటపడింది. 2009 నుంచి, అంటే పన్నెండేళ్లకు పైగా, దాదాపు ప్రతి లైనక్స్‌లో ఉంది అది. దాన్ని వాడుకొని మిషన్‌లో మామూలు లాగిన్ ఉన్న ఎవరైనా రూట్, అంటే మిషన్ మొత్తం మీద అధికారం ఉన్నవాడు, అయిపోవచ్చు. ఒకే మిషన్ మీద ఉదయం ఒక బ్యాచ్, మధ్యాహ్నం ఒక బ్యాచ్ కూర్చునే ల్యాబులో అదెంత ప్రమాదమో ఆలోచించండి. దాన్ని మూసింది ఒక చిన్న అప్‌డేటే. కాబట్టి ఆపడం కుదరదు, అదను చూసి చేయాలి. చార్జర్ పెట్టి, మబ్బు లేనప్పుడు, పరీక్షకు ముందురోజు కాకుండా. ఏళ్ల తరబడి అప్‌డేట్లు అందే ఉబుంటు వెర్షన్లను ఎల్‌టీఎస్ అంటారు. ఒక ఎల్‌టీఎస్ నుంచి ఇంకో ఎల్‌టీఎస్‌కు మారేవాళ్లు మొదటి పాయింట్ రిలీజ్, అంటే లోపాలు సరిచేసి మళ్లీ ఇచ్చే కూర్పు, వచ్చేదాకా ఆగండి. ఉబుంటు 24.04, 2024 ఏప్రిల్‌లో వచ్చింది, 24.04.1 అదే ఏడు ఆగస్టులో వచ్చింది. ఆ నాలుగు నెలల్లో చాలా లోపాలు సరిచేశారు.

సిస్టమ్ స్థితిని దాచిపెట్టే టైమ్‌షిఫ్ట్ అనే ప్రోగ్రామ్ పెట్టుకుంటే అప్‌డేట్‌కు ముందున్న స్థితికి తిరిగి రావచ్చు. అయితే అది మామూలుగా కాపాడేది సిస్టమ్‌ను, మీ హోమ్ ఫోల్డర్‌ను కాదు. మీ ఫైళ్లకు వేరే పెన్‌డ్రైవో, హార్డ్‌డిస్కో ఉండాల్సిందే. ఏ దారీ లేక కొత్తగా వేయాల్సి వచ్చినా, ముందు ఉబుంటు ఎక్కించిన లైవ్ పెన్‌డ్రైవ్‌తో మిషన్ ఆన్ చేసి, ట్రై ఉబుంటు అని ఎంచుకొని లోపలికి వెళ్లి మీ ఫోల్డర్ కాపీ చేసుకోండి. ఆ అమ్మాయి విషయంలో ఎవరైనా ఈ ఒక్క పని చేసి ఉంటే ఆమె మళ్లీ ఊళ్లు తిరగాల్సిన అవసరం ఉండేది కాదు.

సరే, ఆ రెండో వరుసలో లాప్‌టాప్ ఇటు తీసుకురా బిడ్డా, ప్రొజెక్టర్‌కు కలుపుదాం. చార్జర్ పెట్టావా? ఇప్పుడు పవర్ నొక్కు. కంపెనీ బొమ్మ పోయింది చూడు, ఎస్కేప్ నొక్కు, ఒక్కసారే. అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ లోపలికి వెళ్లు. రెండో నంబర్ మీదికి దించు. ఇప్పుడు ఎంటర్ కొట్టు.