సూట్‌కేసులో పార్టులు, ఇంట్లో పాత గేరు సైకిలు

నమస్తే అండీ, బెజవాడ నుంచి. వెళ్లేటప్పుడు ఆవకాయ, వచ్చేటప్పుడు సైకిలు పార్టులు. విదేశాల నుంచి సెలవులకొచ్చే మనవాళ్ల సూట్‌కేసులు ఈమధ్య ఇలాగే ఉంటున్నాయి. అక్కడ సేల్‌లో చవగ్గా దొరికిందని డీరైలరో (చైనుని ఒక పళ్ల చక్రం మీంచి ఇంకోదాని మీదికి జరిపేది) క్యాసెట్టో (వెనక పళ్ల చక్రాల దొంతర) తెచ్చేస్తారు. తీరా ఇంట్లో తమ్ముడి సైకిలుకి పెట్టబోతే పట్టదు. లేదా పడుతుంది గానీ గేరు మారదు. అందుకే అక్కడ కార్డు గీకకముందే, ఇక్కడున్న సైకిలు వెనక చక్రాన్ని వీడియో కాల్‌లో చూపించమనండి.

కెమెరా దగ్గరికి తెస్తున్నా. పళ్ల చక్రాల దొంతరని వెనక్కి తిప్పుతున్నాను, టకటకమంటోంది కదా. ఇప్పుడు ఇరుసు చుట్టూ, టూలు దిగడానికి గాట్లున్న వలయాన్ని చూడండి. దొంతర తిరుగుతోంది, గాట్లు మాత్రం కదలట్లేదు. అంటే ఇది ఫ్రీవీల్, హబ్ (చక్రం మధ్యలో చువ్వలు కలిసే గుండు) మీద మరతో బిగించినది. గాట్లు కూడా దొంతరతో పాటు తిరిగితే అది క్యాసెట్. ఫ్రీవీల్ హబ్ మీద క్యాసెట్ ఎక్కదు, ఎంత బతిమాలినా ఎక్కదు. మొత్తం బడ్జెట్టు ఈ ఒక్క చూపుతోనే తేలిపోతుంది.

ఈ సైకిలు 21 గేర్లది. ముందు 42, 34, 24 పళ్లు, వెనక 14 నుంచి 28 దాకా ఏడు చక్రాలు. ప్రకాశం బ్యారేజీ మీద తిరిగేవాళ్లకి ఏ గేరైనా ఒకటే. కొండపల్లి ఖిల్లా ఎక్కాలన్నప్పుడే మోకాళ్లు లెక్కలడుగుతాయి. 26 అంగుళాల చక్రానికి ముందు 24, వెనక 28 వేస్తే, పెడల్ ఒక చుట్టుకి సుమారు 1.77 మీటర్లు కదులుతాం. వెనక 34 ఉంటే 1.46 మీటర్లే. అంటే అంత తేలిక. ఇందుకు 9 స్పీడూ 10 స్పీడూ (వెనక తొమ్మిది, పది పళ్ల చక్రాలవి) అక్కర్లేదు, 14-34 ఏడు స్పీడ్ల ఫ్రీవీల్ ఒక్కటి చాలు. పళ్ల చక్రాల మధ్య దూరం పాతదే కాబట్టి షిఫ్టర్ (హ్యాండిల్ మీద గేరు మార్చే మీట) జోలికి వెళ్లక్కర్లేదు. దీనికో లోటుంది: 24 పళ్ల నుంచి నేరుగా 34కి దూకుతుంది. చదునులో అది చికాకే, ఎత్తులో మాత్రం ఎవరికీ పట్టదు.

కొనేముందు డీరైలర్ సంగతి చూసుకోవాలి. కొన్ని చవక మోడళ్లు 28 పళ్ల వరకే ఎక్కుతాయి. షిమానో ఆల్టస్ ఎం310 లాంటిదైతే 34 దాకా పోతుంది, మొత్తం 43 పళ్ల తేడాని చైను వేలాడకుండా లాగిపెడుతుంది. మన లెక్క: ముందు 42లో 24 తీస్తే 18, వెనక 34లో 14 తీస్తే 20, కలిపితే 38. హాయిగా సరిపోయింది.

ఫ్రీవీల్ విప్పడం ఇక్కడ చాలామంది ఉలీ సుత్తీతో చేస్తారు. అది చూస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది. గాట్లకి సరిపోయే టూలు దించి, జారకుండా ఇరుసు నట్టుని దాని మీద వేలితో బిగించండి. టూలుని వైస్‌లో పట్టించి, చక్రాన్నే స్టీరింగులా ఎడమవైపు తిప్పండి. కిర్రుమని కదలగానే ఆగి నట్టు వదులు చేయండి. ఇది మర్చిపోతే నట్టో ఇరుసో విరుగుతుంది. కొత్తది ఎక్కించేముందు మరలకి గ్రీజు రాయండి, చేత్తో బిగిస్తే చాలు, తొక్కేకొద్దీ అదే బిగుసుకుంటుంది.

పాత చైను అలాగే ఉంచుదామంటారా? స్కేలు పెట్టి చూడండి. పిన్ను నుంచి పిన్నుకి 24 కణుపులు సరిగ్గా 12 అంగుళాలుండాలి. పదహారో వంతు, మన పాత లెక్కలో వీసం, పెరిగిందంటే చైను మార్చేయాలి. ఎనిమిదో వంతు పెరిగితే వెనక పళ్లు కూడా అరిగిపోయినట్టే. అరిగిన చైను కొత్త పళ్లని కూడా తొందరగా అరగదీసేస్తుంది. 6, 7, 8 స్పీడ్లకి ఒకే చైను పనికొస్తుంది, బయటి వెడల్పు 7 మిల్లీమీటర్లు దాటి ఉంటుంది. 9 స్పీడ్‌ది 6.6 చిల్లర. పొడవు చూడ్డానికి, డీరైలర్‌లోంచి పోనివ్వకుండా ముందు పెద్ద చక్రం, వెనక పెద్ద చక్రం మీద చుట్టి, ఇంకో రెండు కణుపులు కలిపి తెంచండి.

8, 9 స్పీడ్ల ఫ్రీవీళ్లు కూడా దొరుకుతాయి. ఆశపడకండి. దొంతర వెడల్పయ్యేకొద్దీ కుడివైపు బేరింగు లోపలికి ఉండిపోయి, ఇరుసు చాలా దూరం ఆధారం లేకుండా నిలబడాలి. గుంతలో పడితే వంగుతుంది, లేదా విరుగుతుంది. 8కి పోవాలనుకుంటే క్యాసెట్ హబ్ ఉన్న చక్రమే కొనండి. అంతకంటే ముందు, వెనక ఇరుసు కూర్చునే ఫ్రేము చీలికల మధ్య దూరం కొలవండి, మౌంటెన్ సైకిలుకి 135 మిల్లీమీటర్లుండాలి. షిమానో తరహా హబ్‌లో 8, 9, 10 స్పీడ్ల క్యాసెట్లకి ఒకే బాడీ. పైగా క్యాసెట్ వెనక 4.5 మిల్లీమీటర్ల స్పేసర్ రింగు వేస్తే 7 స్పీడ్ క్యాసెట్టూ కూర్చుంటుంది. కాబట్టి ఈసారి చక్రం, వచ్చే సెలవులకి షిఫ్టర్ అని విడతలుగా చేసుకోవచ్చు.

ఇక అసలు చిక్కంతా షిఫ్టర్‌కీ డీరైలర్‌కీ మధ్యే. షిమానో 8 స్పీడ్ షిఫ్టర్ ఒక్క నొక్కుకి 2.8 మిల్లీమీటర్ల వైరు లాగుతుంది. పాత తరహా డీరైలర్ దాన్ని 1.7 రెట్లు చేసి కదులుతుంది, అంటే దాదాపు 4.8. వెనక రెండు చక్రాల మధ్య దూరం కూడా అంతే. షిమానో 9 స్పీడ్ మౌంటెన్ డీరైలర్‌దీ అదే 1.7 లెక్క, కాబట్టి 8 స్పీడ్ షిఫ్టర్‌తో కాపురం చేస్తుంది. సేల్‌లో కనిపించే 10 స్పీడ్ మౌంటెన్ డీరైలర్ మాత్రం 1.2 రెట్లే కదులుతుంది. 2.8 లాగితే 3.4 దగ్గర ఆగిపోతుంది. ఎన్ని మరలు తిప్పినా ఆ లోటు పూడదు. ఇంకో కంపెనీ శ్రామ్ షిఫ్టర్లలో చాలావాటి లెక్క మరీ వేరు, వాటిని షిమానో డీరైలర్‌తో కలపకండి.

ఇంకో మెలిక: చవక సైకిళ్లలో షిఫ్టర్, బ్రేకు లివరు ఒకే ముక్కగా వస్తాయి. షిఫ్టర్ మారిస్తే లివర్ కూడా కొనాల్సిందే.

పార్టులన్నీ సరిపోయినా గేరు పడట్లేదా? వైరు గొట్టం చూడండి. షాపులో గేరు వైరుకి బ్రేకు గొట్టం తొడిగేస్తారు. కోసి చూపిస్తున్నా: బ్రేకుది చుట్టలు చుట్టిన తీగ, నొక్కితే కుదించుకుపోతుంది. గేరుదాంట్లో తీగలు పొడవునా ఉంటాయి, కుదించుకోవు. ఒక్క మిల్లీమీటరు కుదించుకున్నా డీరైలర్ దగ్గర 1.7 అవుతుంది కదండీ. కరకట్ట దుమ్ములో తిరిగే సైకిలుకి వైరూ గొట్టం రెండూ కొత్తవే వేయండి. వైరు 1.2 మిల్లీమీటర్లది, గొట్టం 4 మిల్లీమీటర్లది అడగండి. మందపాటిది ఇచ్చి సర్దుకోమంటారు, సర్దుకోవద్దు.

చివర్లో సెట్టింగు. డీరైలర్ మీదున్న హెచ్ మర చిన్న చక్రం వైపు, ఎల్ మర పెద్ద చక్రం వైపు హద్దు. 34 వేశాక ఎల్ మర తప్పక చూసుకోండి, వదులుంటే చైను చువ్వల్లో పడుతుంది. డీరైలర్‌లోని పై పుల్లీకీ (చైను తిరిగే చిన్న చక్రం) పెద్ద చక్రానికీ మధ్య ఐదారు మిల్లీమీటర్ల సందు వచ్చేలా, ఆ సందుని సర్దే బీ మర తిప్పండి. పెద్ద చక్రం మీదికి ఎక్కడానికి మొరాయిస్తే బ్యారెల్ అడ్జస్టర్‌ని (వైరు బిగువు సర్దే మర) ఎడమకి సగం చుట్టు తిప్పండి. కొత్త వైరూ గొట్టం రెండు మూడు రోజుల్లో సర్దుకుని కాస్త వదులవుతాయి, అప్పుడు ఇంకో సగం చుట్టు.