పువ్వు రాలి మిగిలిన గగనం

సభకు నమస్కారం. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్‌లోనే కిలో టమాటా 200 రూపాయల దగ్గరికి పోయింది, గుర్తుందా? ఆ రోజుల్లో తిరుపతిలో మా వీధి తోపుడు బండి దగ్గర ఒకావిడ, "టమాటా కొనేదే గగనమైపోయింది కదన్నా!" అనింది. గగనమంటే ఆకాశం. టమాటాకూ ఆకాశానికీ ఏం సంబంధం?

అసలు మాట గగనకుసుమం. ఆకాశంలో పూసిన పువ్వు, అంటే లేనే లేనిది. వాడీ వాడీ మనవాళ్లు పువ్వును రాల్చేసి ఆకాశాన్ని మాత్రం ఉంచుకున్నారు. దాంతోపాటు అర్థమూ జరిగింది. 'లేనే లేనిది' కాస్తా 'దొరకడం కష్టం' అయింది.

తర్కం చదివే పిల్లలకు ఈ పువ్వు బాగా తెలుసు. అన్నంభట్టు తర్కసంగ్రహంలో ఉంది: ఆకాశంలోని తామర పరిమళిస్తుంది. ఎందుకు? తామర గనక. చెరువులో తామరలాగా. కారణం చెప్పారు, ఉదాహరణ చూపారు, వినడానికి ఎంతో బాగుంది. తీరా చూస్తే ఆ తామరే లేదు! దీనికి ఆశ్రయాసిద్ధమని పేరు పెట్టారు. కారణం నిలబడడానికి కింద నేల లేదన్నమాట. (నవ్వుతున్నారు, ఎవరి ఉపన్యాసమో గుర్తొచ్చినట్టుంది.)

ఎండమావిని తెచ్చి దీని పక్కన కూర్చోబెడతారు. నేనొప్పుకోను. మే నెల మిట్టమధ్యాహ్నం రేణిగుంట రోడ్డు చూడండి, తారు మీద నీళ్లు తళతళమంటాయి. వేడిగాలిలో వెలుతురు వంగి ఆకాశపు తునక నేల మీద కనిపిస్తుంది. నీళ్లు లేవు గానీ కనిపించడం నిజం, ఫోటో తీస్తే పడుతుంది కూడా. గగనకుసుమం ఎవరి కంటా పడింది లేదు. అందుకే అద్వైతులు ఎండమావి నీళ్లను ప్రాతిభాసికమన్నారు, అంటే కనిపించినంతసేపే ఉన్నట్టుండేది. ఈ పువ్వును, కుందేటి కొమ్మును తుచ్ఛమని, అంటే బొత్తిగా లేనిదని, వేరే గాట కట్టారు. ఆ లెక్కన, నోటిఫికేషనిచ్చి ఏళ్లతరబడి ఊరించే ఉద్యోగం ఎండమావి. నోటిఫికేషనే రాని ఉద్యోగం గగనకుసుమం. రాసేవాళ్లు రెండింటికీ ఎండమావినే అరగదీస్తున్నారు.

మరి టమాటా? ఎర్రగా బండి మీదే ఉంది. శాస్త్రం ప్రకారం ఆవిడ మాట తప్పే. నేను దిద్దలేదు. ముప్పై రూపాయలకు తూచితే రెండు కాయలొచ్చాయి. బండాయన కొసరుగా ఇంకొకటి వేశాడు.