హీరోకి ఎలివేషన్ ఎవరివ్వాలి? | 'ఒక్కడు' మళ్ళీ చూశాక

నమస్తే అండీ. ఈసారి రివ్యూ చేస్తున్నది కొత్త సినిమా కాదు. 2003 సంక్రాంతికి వచ్చిన 'ఒక్కడు'. గుణశేఖర్ డైరెక్షన్, ఎం.ఎస్. రాజు నిర్మాత, మహేష్ బాబు, భూమిక, ప్రకాష్ రాజ్. స్పాయిలర్లు ఉంటాయి. ఇరవై ఏళ్ళు దాటిపోయిన సినిమా, ఇప్పటికీ చూడకపోతే ఆ తప్పు నాది కాదు.

ఇప్పుడు ఈ సినిమా ఎందుకంటే, ఈమధ్య యాక్షన్ సినిమాకి వెళ్తే హీరో తెరమీదికి రాకముందే నలుగురొచ్చి ఆయన ఎంతటివాడో చెప్పేసి పోతున్నారు. వాడొస్తే ఊరు వణుకుతుందని ఒకరు, వాణ్ణి ఆపే మగాడు పుట్టలేదని ఇంకొకరు. ఇలా హీరోని పైకెత్తి చూపించడాన్నే ఎలివేషన్ అంటున్నాం. ఇన్ని సాక్ష్యాలు కోర్టులో జడ్జిగారు కూడా అడగరు. ఆ తర్వాత బూటు, వీపు, పిడికిలి, చివరికి మొహం. అంతా స్లో మోషన్‌లోనే. సినిమా ఆడేది సెకనుకి 24 ఫ్రేములతో. అదే షాట్‌ని 120 ఫ్రేములతో తీసి 24తో ఆడిస్తే ఒక సెకను నడక ఐదు సెకన్లవుతుంది. ఆ ఐదు సెకన్లలో ఆయన గురించి మనకి కొత్తగా ఏం తెలిసింది? చొక్కా బాగుందని తెలిసింది.

సరే, 'ఒక్కడు' వచ్చిన టైమ్ గుర్తు చేసుకోండి. 1999లో 'సమరసింహారెడ్డి', 2001లో 'నరసింహనాయుడు', 2002లో 'ఆది', 'ఇంద్ర'. వరసగా ఫ్యాక్షన్ హిట్లు. ఆ హీరోల పేరు చెప్తేనే జనం లేచి నిలబడతారు. వంశం ఉంది, వెనక ఊరు ఉంది, తీర్చుకోవాల్సిన పాత పగ ఉంది. నాకూ ఆ సినిమాలంటే ఇష్టమే, ఇప్పటికీ టీవీలో వస్తే రిమోట్ పక్కన పెట్టేస్తా. కానీ ఆ హీరో కత్తి పట్టడంలో ఆశ్చర్యం లేదు. పట్టకపోతేనే ఆశ్చర్యం.

ఇక్కడ హీరో అజయ్ (మహేష్ బాబు) ఎవరు? హైదరాబాద్ పాతబస్తీ కుర్రాడు. నాన్న పోలీసాఫీసర్, కొడుకు కబడ్డీ ఆడటం ఆయనకి నచ్చదు. కర్నూలుకి వచ్చింది మ్యాచ్ కోసం. అక్కడ కొండారెడ్డి బురుజు దగ్గర నడిరోడ్డు మీద స్వప్న (భూమిక) అనే అమ్మాయిని విలన్ ఓబుల్ రెడ్డి (ప్రకాష్ రాజ్) ఈడ్చుకుపోతుంటాడు. ఊరంతా చూస్తోంది. ఎవరూ కదలరు, ఎందుకంటే వాళ్ళకి ఓబుల్ రెడ్డి ఎవరో తెలుసు. ఆ పిల్ల ఇంట్లో వాళ్ళనే చంపినవాడని మనకీ తెలుసు. తెలియనిది ఒక్క అజయ్‌కే.

సీన్ బలం మొత్తం ఇక్కడే ఉందండీ. అజయ్ గురించి ఎవరూ గొప్పగా చెప్పలేదు. చెప్పిందంతా ఓబుల్ రెడ్డి గురించే. భయం పుట్టించిన ఎలివేషన్ అంతా విలన్ ఖాతాలో ఉంది. అజయ్ వెళ్ళి ఓబుల్ రెడ్డికి ఒక్క దెబ్బ వేయగానే ఆ ఖాతా మొత్తం హీరోకి బదిలీ అయిపోతుంది. థియేటర్లో ఈలలు పడింది దెబ్బ గట్టిగా తగిలిందని కాదు, ఎవరికి తగిలిందో మనకి తెలుసు కాబట్టి. మణిశర్మ బ్యాక్‌గ్రౌండ్ స్కోర్ గురించి విడిగా చెప్పక్కర్లేదు, ఆయన పని ఆయన చేశాడు.

కొట్టాక అజయ్ ఏం చేశాడు? డైలాగ్ చెప్పి నిలబడలేదు. అమ్మాయిని తీసుకుని పారిపోయాడు! పెద్ద మాస్ హీరో పారిపోవడం ఏంటి అని ఎవరూ అనుకోలేదు చూశారా? నేనేమంటానంటే, ఆ కబడ్డీ ఊరికే పెట్టలేదు. కబడ్డీలో రైడర్ ఒక్కడే అవతలి కోర్టులోకి పోతాడు, కూత పెడతాడు, ముట్టుకుంటాడు, పట్టుబడకుండా గీత దాటి వెనక్కొస్తాడు. అక్కడే నిలబడి అందరితో కొట్లాడితే పాయింట్ రాదు. తిరిగొస్తేనే పాయింట్. కర్నూలు ఎపిసోడ్ మొత్తం ఒక రైడ్.

ఆ తర్వాత అమ్మాయిని ఎక్కడ దాస్తాడు? సొంత ఇంట్లో, తన గదిలో. ఆమెని వెతికే పని పడేది వాళ్ళ నాన్న మీద. నాకు ఫైట్ల కంటే ఈ భాగమే ఎక్కువ యాక్షన్‌లా అనిపిస్తుంది. బయట వందమందిని కొట్టగలిగినవాడు ఇంట్లో తలుపు చప్పుడైతే ఉలిక్కిపడతాడు. హీరోకి నిజంగా పోయేదేదో ఉందని నమ్మించడానికి రక్తం అక్కర్లేదు, నాన్న మెట్లెక్కి వస్తే చాలు.

ఇంకో మాట. ఓబుల్ రెడ్డికి స్వప్న తన సొత్తు. అజయ్ మాత్రం ఆమెని కాపాడినందుకు ఆమె మీద హక్కు అడగడు. పాస్‌పోర్టుతో సహా అమెరికా పంపించేద్దామనే తిరుగుతాడు. మనసు పడేది ఆమె, ముందు. అదే రోజుల్లో వచ్చిన ఎన్ని సినిమాల్లో హీరో కూడా వెంటపడే పనే చేశాడో, అది ప్రేమ అని మనం ఎంత తేలిగ్గా ఒప్పేసుకున్నామో ఆలోచించండి. విలన్‌కీ హీరోకీ తేడా కండలో లేదు, ఈ విషయంలో ఉంది.

మధ్యలో ఒకటి చెప్పాలి, ఎవరూ చెప్పరు కాబట్టి. హీరో పంచ్ బాగుంది అంటాం కదా, ఆ పంచ్ అవతలివాడి మొహానికి తగలదు. కెమెరా కోణంలో ఆ ఖాళీ కనపడదు, సౌండ్ తర్వాత కలుస్తుంది. దెబ్బ పడిందని మనల్ని నమ్మించేది తల విదిల్చి, ఒళ్ళు వదిలేసి పడే ఫైటర్. టైమింగ్ ఆయన తప్పితే ఎంత పెద్ద స్టార్ అయినా గాల్లో చెయ్యి ఊపినట్టే ఉంటుంది. వాళ్ళ మొహాలు మనకి గుర్తుండవు.

దెబ్బల మాట వచ్చింది కాబట్టి నాగార్జున 'శివ' సంగతి కూడా ఒక్క ముక్కలో. 1989లో సైకిల్ చైన్ సీన్‌కి ఎందుకు అంత పేరొచ్చిందంటే, హీరో ఆయుధంగా లాగిన ఆ చైన్ ఏ కాలేజీ స్టాండ్‌లో అయినా దొరికే వస్తువు. అయితే ఆ సినిమా అక్కడ ఆగదు. ఆ గొడవకి చివరికి అన్న కూతురి ప్రాణం పోతుంది. హీరో కొట్టిన ప్రతి దెబ్బకీ బిల్లు ఇంటికొస్తుందని అంత కఠినంగా చూపించిన తెలుగు సినిమాలు నాకు ఎక్కువ గుర్తురావు.

'ఒక్కడు'లో ఆ కాఠిన్యం లేదు, ఒప్పుకోవాలి. స్వప్నకి పారిపోవడం, దాక్కోవడం తప్ప సొంతంగా చేయడానికి పెద్దగా ఏమీ ఇవ్వలేదు. సెకండాఫ్‌లో కథ ఊపందుకునే చోట పాట అడ్డొస్తుంది. చివరికొచ్చేసరికి ఆ రైడర్ తెలివి పక్కకి పోయి మామూలు ముఖాముఖి ఫైట్‌కే వచ్చి ఆగుతుంది. చార్మినార్ సెట్ మాత్రం ఇప్పటికీ సెట్ అంటే నమ్మబుద్ధి కాదు.

2004లో ఇదే తమిళంలో విజయ్‌తో 'గిల్లి' అయింది, అక్కడా విలన్ ప్రకాష్ రాజే. 2024లో రీ-రిలీజ్ చేస్తే తమిళనాడు థియేటర్లు మళ్ళీ ఊగిపోయాయి. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి, ముఖ్యంగా విలన్‌ని మొదటిసారి కొట్టే సీన్. అక్కడ మదురై, ఇక్కడ కర్నూలు. నా ఓటు కర్నూలుకే. మీది మదురై అయితే కింద కామెంట్లో కారణంతో సహా రాయండి. "మా అన్న కాబట్టి" అన్నది కారణంగా తీసుకోబడదు.