కాలేజీలో అందరికీ ఒకే ఉమ్మడి పాఠం ఉండాలా?
(విశాఖపట్నం స్టూడియోలో జరిగిన చర్చ నుంచి)

సమన్వయకర్త: ఇంజినీరింగ్ అయినా కామర్స్ అయినా ప్రతి విద్యార్థీ సాహిత్యం, చరిత్ర, తత్వశాస్త్రం కొంత చదవాలని మీరంటున్నారు మేడమ్.

తెలుగు అధ్యాపకురాలు: కలిసి చదవాలంటున్నాను. పదో తరగతి దాటగానే పిల్లలు ఎంపీసీ, బైపీసీ, సీఈసీ అని విడిపోతారు. ఆ తర్వాత ఒకే హాస్టల్లో ఉన్నా ఒకరి చదువు ఒకరికి పట్టదు. అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయం మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన కొత్తలో, 1919లో, ఇలాంటి ఉమ్మడి కోర్సు మొదలుపెట్టింది. 1937లో సాహిత్యానికీ ఒకటి పెట్టింది. ఇప్పటికీ అక్కడి విద్యార్థులు చిన్న తరగతుల్లో కూర్చుని అందరూ చదివే ఒకే గ్రంథాల మీద వాదించుకుంటారు.

ఇంజినీరింగ్ ఆచార్యులు: మా పిల్లలకు ఉన్న సబ్జెక్టులకే సమయం చాలడం లేదు మేడమ్. పైగా సాంకేతిక విద్యను పర్యవేక్షించే ఏఐసీటీఈ 2018 నమూనా పాఠ్యప్రణాళికలో రాజ్యాంగం, పర్యావరణం తప్పనిసరి చేశారు కదా.

అధ్యాపకురాలు: చేశారు, క్రెడిట్లు లేకుండా! మార్కులు రాని చదువును మన దగ్గర ఎవరు పట్టించుకుంటారు సార్? 2020 మే 7 తెల్లవారుజామున మన ఊళ్లోని ఎల్జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి వెంకటాపురం మీదికి స్టైరిన్ అనే విష రసాయనం ఆవిరి వచ్చింది. ట్యాంకులో వేడి ఎందుకు పెరిగిందో మీ విద్యార్థి చెప్పగలడు. ఆ కర్మాగారం చుట్టూ ఇళ్లు ఎలా వచ్చాయి, బాధ్యత ఎవరిది, చట్టం ఏమంటుంది? ఈ ప్రశ్నలన్నీ వేరే గదుల్లో, వేరే పిల్లల దగ్గర ఉండిపోయాయి.

ఆచార్యులు: ఆ మాట ఒప్పుకుంటాను. కవాటాలూ ఉష్ణోగ్రతలూ చెప్పి పాఠం ముగించేస్తున్నాం.

కామర్స్ విద్యార్థిని: నా భయం వేరే మేడమ్. వంద మందిని ఒక హాల్లో కూర్చోబెడితే వారంలో గైడు వస్తుంది. ముఖ్యమైన ప్రశ్నలు గుర్తు పెట్టుకుని పరీక్ష రాసేస్తాం. ఎవరూ ఎవరితోనూ వాదించరు.

అధ్యాపకురాలు: నిజమమ్మా, అలాగైతే అసలు పెట్టకపోవడమే మేలు. అధ్యాపకులను నియమించకుండా ఈ కోర్సు మొదలుపెట్టకూడదు.

సమన్వయకర్త: ఇది మన ఊరికి కొత్త ఆలోచనేమీ కాదు. 1931 నుంచి 1936 వరకు ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉపకులపతిగా ఉన్న సర్వేపల్లి రాధాకృష్ణన్, ఆ తర్వాత 1948-49 విశ్వవిద్యాలయ విద్యా కమిషన్‌కు అధ్యక్షత వహించారు. అందరికీ సాధారణ విద్య ఉండాలని ఆ కమిషన్ గట్టిగా చెప్పింది. మరి మొదటి పాఠం ఏది?

అధ్యాపకురాలు: మన ఊరి దగ్గరి తొట్లకొండ. అక్కడి బౌద్ధ విహారంలో రాతిని తొలిచి నీళ్లు నిలవ చేసుకున్న తొట్లున్నాయి. శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ నాణేలూ దొరికాయి. వానను ఎలా పట్టారో ఇంజినీరింగ్ పిల్లలు చెప్పాలి, ఆ డబ్బు కొండ మీదికి ఎలా చేరిందో కామర్స్ పిల్లలు చెప్పాలి. అన్నీ వదులుకున్న భిక్షువులకు నాణేలతో ఏం పని అన్నది అందరూ కలిసి తేల్చుకోవాలి.

ఆచార్యులు: మా మొదటి ఏడాది వాళ్లను తీసుకొస్తాను. మీరూ రావాలి.

అధ్యాపకురాలు: తప్పకుండా వస్తాను సార్. కానీ ఒక జట్టుకు ఇరవై మందికి మించవద్దు, అందులో సగం మంది కామర్స్ వాళ్లు ఉండాలి.